దొన్యా సాతుర్నినా కిలో

ఆదివారం పొద్దున ఎల్మెర్ చోకే వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మార్కెట్ మేడమీది ఆఫీసు తెరవాలి, మైకు సరిచూడాలి, పదింటికి వార్షికోత్సవ స్వాగతం దానంతటదే మోగేలా కంప్యూటర్‌కు అప్పగించాలి, ఆ తర్వాత కిందికి దిగి వేడివేడి అడోబో గిన్నె ముందు కూర్చోవాలి. ఆదివారం పొద్దున ఆ పంది మాంసం పులుసులో రొట్టె ముంచుకుని తినకపోతే వారమంతా ఏ పనీ కలిసిరాదని నమ్మే అరెకీపా ఊరివాళ్లలో ఎల్మెర్ ఒకడు. తన గిన్నె ముందే చెప్పి పక్కన పెట్టించాడు కూడా.

నలభై దాటిన ఎల్మెర్ కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఆ ఊళ్లో కంప్యూటర్ మూత విప్పడం చేతనైన ప్రతి మనిషినీ ఇంజినీరు అనే పిలుస్తారు. మార్కెట్లో అందరూ అతణ్ని అలాగే పిలిచేవారు, ఒక్క అత్తగారు తప్ప. అందరూ గౌరవంగా దొన్యా అని పిలిచే అత్తగారు సాతుర్నినా అతణ్ని "మా నైదా మొగుడు" అనేది, అదీ వేరే దారి లేనప్పుడు.

ఆవిడ బంగాళాదుంపల దుకాణం మార్కెట్ నడిబొడ్డున ఉంది. వర్తకుల సంఘానికి అధ్యక్షురాలు కూడా ఆవిడే. ఎన్నికల్లో ఆవిడ ఇచ్చిన మాట ఒక్కటే, మార్కెట్ గుమ్మం దగ్గర తూకం సరిచూసే కాటా పెట్టిస్తానని. కొన్న సరుకు మీద అనుమానం వచ్చినవాళ్లు ఎవరైనా దానిమీద మళ్లీ తూచుకోవచ్చు. ఆ కాటాకు ఇవాళే ప్రారంభోత్సవం. మునిసిపాలిటీ అధికారి వచ్చి రిబ్బను కత్తిరిస్తాడు, ఫాదర్ పవిత్ర జలం చల్లుతాడు. ఇంత పెద్ద రోజున మైకునీ కంప్యూటర్‌నీ అల్లుడికి అప్పగించేలా తల్లిని ఒప్పించడానికి నైదాకు తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇవాళ ఒక్కరోజు నా పరువు తియ్యకుండా గడిపించమను నీ మొగుణ్ని," అంది దొన్యా సాతుర్నినా, అల్లుడు పక్కనే నిలబడి ఉండగా కూతురితో. "ఆ మాత్రం చేతనైతే సంఘం ఆఫీసులో ఉద్యోగం వాడిదే. కాకపోతే ఆ మేడ మెట్లు మళ్లీ ఎక్కనక్కర్లేదు. నా గుమ్మం కూడా తొక్కనక్కర్లేదు."

అందుకే ఎల్మెర్ ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేశాడు. మైకు సరిచూశాడు. మార్కెట్ కప్పుకి వేలాడే హార్న్‌లన్నీ పలికేలా ఆంప్లిఫైయర్ మరను చివరికంటా తిప్పాడు. స్వాగత సందేశానికి సమయం పెట్టాడు. ఇంకా బోలెడంత పొద్దు మిగిలింది. ఏదో వైరు కోసం రిపేరు సంచి కెలుకుతుంటే అడుగున గీతలు పడ్డ పాత డిస్కు ఒకటి చేతికి తగిలింది. దానిమీద నల్ల సిరాతో తన రాతే, "వీధి కప్పు" అని.

అది కంప్యూటర్‌లో ఆడే ఫుట్‌బాల్ ఆట, వీధి జట్లు గెలుపు కప్పు కోసం పోటీపడేది. అతని కుర్రతనంలో పేవ్‌మెంట్ల మీద దొంగ కాపీలుగా దొరికేది. అందులో ఉన్న విదేశీ జట్లను పీకేసి సొంత ఊరి జట్లను దూర్చడం ఆ రోజుల్లో దేశమంతటా ఉన్న సరదా. ఎల్మెర్, అతని స్నేహితుడు విల్బెర్ ఇంకో అడుగు ముందుకేశారు. మార్కెట్ ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌లో కూర్చుని తమ వీధుల జట్లను పెట్టారు, వ్యాఖ్యాత గొంతు తీసేసి తమ గొంతులు ఎక్కించారు. ఇరవై ఏళ్ల వయసులో నోటికొచ్చింది వాగడమే తెలివి అనుకుంటారు కదా, వీళ్లూ అలాగే అనుకున్నారు.

ఎల్మెర్ ఆగలేక తాక్నా ఊళ్లో ఉన్న విల్బెర్‌కి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నాకేం దొరికిందో చెప్పుకో చూద్దాం."

"ఏంటి, ఊడిపోయిన జుట్టా?"

"వీధి కప్పు రా!"

"నిజంగా? ఒరే, ఫౌల్ చేసినప్పుడల్లా నువ్వు గొంతు చించుకుని అరిచేవాడివే, అదుందా అందులో? మీ అత్తగారి కాటా గురించి?"

"అప్పటికి ఆవిడ నాకు అత్తగారు కాదు రా నాయనా!"

ఇద్దరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. ఆ నవ్వులో, ఒక్కసారి ఆడించి వింటే తప్పేముందన్న ఆలోచన ఎవరిదో చెప్పడం కష్టం. తర్వాత ఇద్దరూ అవతలివాడిదే అన్నారు.

ఆఫీసు కంప్యూటర్ కొత్తది. దానికి డిస్కు పెట్టే నోరే లేదు. ఎల్మెర్ సంచిలోంచి విడి డ్రైవు తీసి తగిలించాడు. ఆటను తెరవమంటే, ఇది నాకు సరిపడదు అంది కంప్యూటర్. పాత కంప్యూటర్‌లా నటించమని దానికి చెప్పే చోటొకటి ఉంటుంది, అక్కడ టిక్కు పెట్టాడు. ఈసారి తెర నల్లబడి ఊరుకుంది. చూస్తే వైరస్ కాపలా ప్రోగ్రాం ఆటలోని ఫైలొకదాన్ని దొంగగా పట్టుకుని లోపలేసింది. దొంగ కాపీయే కాబట్టి దాన్ని తిట్టడానికీ లేదు. కాపలాను కాసేపు పడుకోబెట్టి, ఫైలును విడిపించాడు. ఆట తెరుచుకుంది, వెంటనే మూసుకుంది.

"తేదీ చూసి బెదిరిపోతోంది రా," అన్నాడు విల్బెర్ డాక్టరులా. "క్యాలెండర్ వెనక్కి తిప్పు. మనం ఆడుకున్న రోజులకి."

ఎల్మెర్ కంప్యూటర్‌ను రెండువేల రెండో సంవత్సరానికి తీసుకుపోయాడు. పదింటి స్వాగత సందేశం ఆ గడియారాన్నే నమ్ముకుని ఉందన్న సంగతి అతనికి తట్టలేదు. ఆట మాత్రం లేచింది. తెర మధ్యలో అగ్గిపెట్టెంత మైదానం, గడ్డి వంకాయ రంగులో ఉంది, గోల్‌కీపర్‌కి తల లేదు. అయినా ఎల్మెర్‌కి కళ్లు చెమర్చాయి.

"ఆడుతోంది రా విల్బెర్! కానీ శబ్దం రావట్లేదు."

"శబ్దం లేకపోతే అది మన ఆటే కాదు. హెడ్‌ఫోన్లు పెట్టుకో. శబ్దం ఎటు పంపాలో అడిగే జాబితా ఉంటుంది చూడు, ఒక్కొక్కటీ నొక్కు."

కిటికీ కింద వెనక వీధిలో వార్షికోత్సవం బ్యాండువాళ్లు బాకాలు సవరించుకుంటున్నారు. ఎల్మెర్ తలుపూ కిటికీ బిగించి, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. జాబితాలో ఏదీ మనిషి భాషలో లేదు, అన్నీ అక్షరాలూ అంకెలూ కలిపిన పేర్లు. ఒకటి నొక్కాడు, ఫౌల్ చేశాడు. నిశ్శబ్దం. ఇంకోటి నొక్కాడు, మళ్లీ ఫౌల్ చేశాడు. అన్నిట్లోకీ గట్టిగా పలికేది ఫౌల్ మాటే కాబట్టి పరీక్షకు అదే మేలని అతని లెక్క. చిట్టచివరి పేరు నొక్కి, అదీ పలకకపోయేసరికి పట్టుదల పెరిగింది. ఆటలో మాటల శబ్దాన్ని చివరిదాకా పెంచాడు. ఎదుటి జట్టులో ఎవడు కనిపిస్తే వాడి కాలు విరగ్గొడుతూ పోయాడు. గోల్‌కీపర్ని తన్నాడు. రిఫరీని తన్నబోయాడు కానీ ఆ సౌకర్యం ఆటలో లేదు.

తలుపు ధడేలున తెరుచుకుంది. నైదా. జుట్టు చెదిరింది, మొహంలో రక్తం లేదు.

"ఎల్మెర్! ఆపు! ఏం చేస్తున్నావ్?"

ఎల్మెర్ ఒక చెవి తెరిచాడు. "ఏంటోనే, ఎంత కొట్టుకున్నా శబ్దం రావట్లేదు."

"శబ్దం రావట్లేదా?" నైదా గొంతు కీచుమంది. "పదింటి స్వాగతం రాలేదు సరికదా, మార్కెట్ మార్కెట్టంతా దద్దరిల్లిపోతోంది! ఫాదర్ చల్లడానికి చెయ్యెత్తి అలాగే నిలబడిపోయాడు! రా, విను!"

అతను హెడ్‌ఫోన్లు తీశాడు. తెరిచిన తలుపులోంచి, హార్న్‌లన్నిటి గుండా, ఇరవై ఏళ్ల కుర్రాడి గొంతు ఒకటి విరగబడి నవ్వుతూ మోగుతోంది.

"ఫౌల్! ఇదేం ఆటండీ, అచ్చం దొన్యా సాతుర్నినా కిలో! చూస్తే కిలో, తూస్తే ఎనిమిది వందలు!"

జాబితాలోని ఆ చివరి పేరు ఆంప్లిఫైయర్‌ది. ఆట మూసేయబోతే తెర బిగుసుకుపోయింది, మాట మాత్రం ఆగలేదు. ఒకే ముక్క దగ్గర చిక్కుకుని "తూస్తే ఎనిమిది, తూస్తే ఎనిమిది, తూస్తే ఎనిమిది" అంటూ తిరగడం మొదలుపెట్టింది.

"కరెంటు పీకెయ్యి!" అని అరిచింది నైదా.

పీకాడు. కంప్యూటర్ ఆగలేదు, ఆంప్లిఫైయరూ ఆగలేదు. కరెంటు పోయినా అధ్యక్షురాలి ప్రసంగం ఆగకూడదని పట్టుబట్టి అతనే కొనిపించిన బ్యాటరీ పెట్టె నమ్మకంగా పనిచేస్తోంది. చివరికి బల్ల కిందికి పాకి, హార్న్‌ల వైరును పళ్లతో పట్టుకుని లాగేశాడు. అప్పుడు వచ్చిన నిశ్శబ్దంలో కింద జనం గొల్లుమనడం స్పష్టంగా వినిపించింది.

"నువ్వేనా అది?" అంది నైదా మెల్లగా. "ఆ గొంతు నీదేనా?"

అతను బల్ల కిందనుంచి బయటికి రాలేదు. భార్య మొహం చూసే ధైర్యం లేక అక్కడే ముడుచుకుని, అవునన్నట్టు తల ఊపాడు. అరుస్తుందనుకున్నాడు. నైదా అరవలేదు. "నీ కోసం మా అమ్మ కాళ్లావేళ్లా పడ్డాను," అని మాత్రం అని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఎల్మెర్ చాలాసేపు తర్జనభర్జన పడి, మెట్లు దిగాడు. కింద కొత్త కాటా చుట్టూ జనం మూగి ఉన్నారు. రిబ్బను కత్తిరించకుండానే ఉంది. జున్ను అమ్మే దొన్యా గ్రిసెల్దా, ఎన్నికల్లో దొన్యా సాతుర్నినా చేతిలో ఓడిపోయిన మనిషి, మధ్యలో నిలబడి చేతులు తిప్పుతోంది.

"నన్నంటారేంటి? చాపి దేవమాత మీద ఒట్టు, నాకు ఆ మేడకి దారి ఎటో కూడా తెలీదు!"

"నువ్వు కాకపోతే ఇంకెవరికి అవసరం?" అంటున్నారు సాతుర్నినా మనుషులు. "ఎవడో కుర్రాణ్ని పట్టి మాట్లాడించావు. ఓడిపోయిన కడుపుమంట!"

దొన్యా సాతుర్నినా వాళ్ల మధ్య నిలువెత్తు కోపంలా నిలబడి ఉంది. అల్లుణ్ని చూసి, జనం వైపు తిరిగి, గట్టిగా చెప్పింది.

"ఇదిగో, వచ్చాడు. వీడి కన్నుగప్పి ఎవరో ఈ పాడు పని చేశారు. వీడే గనక చూసి ఉంటే వాణ్ని అక్కడే పట్టుకుని తన్నేవాడు. మా ఇంట్లో అబద్ధమాడటం చేతకానివాడు ఎవడైనా ఉంటే వీడొక్కడే. నా కొడుకు లాంటివాడు."

పెళ్లయినప్పట్నుంచి ఆ మాట కోసం ఎల్మెర్ చెయ్యని పని లేదు. ఆవిడ బస్తాలు మోశాడు, ఆవిడ కుక్కకి స్నానం చేయించాడు. తీరా ఆ మాట వినిపించిన క్షణంలో అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఊరుకుంటే చాలు, గ్రిసెల్దా ఖాతాలో పోతుంది. ఉద్యోగం దక్కుతుంది. కానీ గ్రిసెల్దా కళ్లొత్తుకుంటోంది. ఆవిడ అంత నోరున్న మనిషి ఏడవగా అతను ఎప్పుడూ చూడలేదు.

"ఆవిడ కాదు," అన్నాడు. ఎవరూ వినలేదు, ముందుకొచ్చి మళ్లీ అన్నాడు. "ఆవిడ కాదండీ. ఆ గొంతు నాదే."

బ్యాండువాళ్లు కూడా ఆగిపోయారు. ఎల్మెర్ చెవులు మండిపోతుండగా ఆట సంగతి, డిస్కు సంగతి, హార్న్‌ల సంగతి గడగడా చెప్పేశాడు. చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాడు. గ్రిసెల్దా మాత్రం అప్పటికే కళ్లు తుడిచేసుకుంది.

"విన్నారా? సొంత అల్లుడు! ఇంటి గుట్టు తెలిసినవాడు చెప్తున్నాడు, ఆవిడ కిలో ఎనిమిది వందలేనట!"

"అది ఇరవై ఏళ్ల కిందటి మాటండీ!" అని అడ్డుపడ్డాడు ఎల్మెర్.

"అంటే ఇరవై ఏళ్లుగా కొట్టేస్తోందన్నమాట!"

"కాదండీ, అది ఊరికే హాస్యానికి..."

"అబద్ధమాడటం చేతకాదని ఇప్పుడే ఆవిడే చెప్పిందిగా!"

జనం హోరెత్తారు. అతను నోరు విప్పిన ప్రతిసారీ అత్తగారు ఇంకాస్త లోతుకి దిగబడుతోంది. చివరికి నైదా వచ్చి మొగుడి నోటిమీద చెయ్యి పెట్టింది. పెళ్లాం చేతికింద కళ్లు మిటకరిస్తూ అంత మందిలో నిలబడ్డ ఎల్మెర్‌ను చూసి చేపలమ్మేవాళ్లు విరగబడి నవ్వారు. మునిసిపాలిటీ అధికారి టై సర్దుకుని, ఇబ్బందిగా దగ్గాడు.

"అమ్మా, కాటా ఎలాగూ ఇక్కడే ఉంది కదా..."

దొన్యా సాతుర్నినా ముందుకొచ్చింది. గుంపులో ఒకావిడ చేతిలో తన దుకాణం సంచి ఉంటే అందుకుంది. "ఇందాక కిలో తీసుకున్నావు కదమ్మా? విప్పావా?" అని అడిగింది. ఆవిడ విప్పలేదని అడ్డంగా తలూపింది. దొన్యా సాతుర్నినా రిబ్బనును చేత్తోనే తెంపేసి, సంచిని కాటా మీద పెట్టింది. ఎల్మెర్ కళ్లు మూసుకున్నాడు.

"కిలో నూట ఇరవై గ్రాములు," అని చదివాడు అధికారి.

ఇంకో సంచి తెచ్చారు. కిలో తొంభై. ఇంకోటి తెచ్చారు. కిలో నూట నలభై. ప్రతిదాంట్లోనూ కిలోకి పైన రెండేసి చిన్న దుంపలు కొసరు ఉన్నాయి. జనం అరుపులు చప్పట్లలోకి మారాయి. ఫాదర్ ఎత్తి ఉంచిన చెయ్యి అప్పటికి కదిలించి, కాటా మీదా, అందరి మీదా ధారాళంగా నీళ్లు చల్లేశాడు.

"ఇప్పుడు నీ జున్ను తీసుకురా గ్రిసెల్దా," అంది దొన్యా సాతుర్నినా.

"తెస్తా. కానీ ఈ ఎండకి జున్ను ఎండిపోయి తగ్గుతుందే సాతూ. అది నీకూ తెలుసు," అంటూ గ్రిసెల్దా జనంలోకి జారుకుంది.

సంబరం మొదలైంది. ఎల్మెర్‌కి అందులో కలవడానికి మొహం చెల్లలేదు. ఆఫీసు తాళాలు అప్పగించి పోదామని అత్తగారి దుకాణం దగ్గరికి వెళ్లాడు. ఆవిడ బస్తాల వెనక పీట మీద ఒంటరిగా కూర్చుని ఉంది. అతను తాళాలు దుంపల మీద పెట్టాడు.

"మీ పరువు తీశాను. క్షమించండి దొన్యా. నైదాని ఏమీ అనకండి, తనకేమీ తెలీదు."

"ఆ గొంతు మొదటి అరుపుకే పోల్చుకున్నాను," అందావిడ, తల ఎత్తకుండా. "ఆ నెట్ సెంటర్ గుమ్మంలో నిలబడి నువ్వూ ఆ విల్బెర్ గాడూ రోజూ అదే కదా కూసేవాళ్లు."

ఎల్మెర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "తెలిసే... తెలిసే నన్ను అంతమందిలో పొగిడారా?"

"నోరు విప్పుతావో, ఆ గ్రిసెల్దా మీదికి పోనిస్తావో చూద్దామని. పోనిచ్చి ఉంటే ఈ పూటే మా పిల్లని ఇంటికి తీసుకుపోయేదాన్ని."

అతను ఇంకాస్త కుంగిపోయాడు. "అప్పుడు మిమ్మల్ని అలా అనడం తప్పు. పెద్దావిడని పట్టుకుని, లేనిపోని..."

"లేనిపోనిదేంటి?" దొన్యా సాతుర్నినా అటూ ఇటూ చూసింది. హార్న్‌ల వైపు కూడా ఒకసారి చూసింది. "మైకు ఆపే ఉందా?"

"వైరు తెంపేశానండీ."

ఆవిడ గొంతు తగ్గించింది. "అప్పుడది ఎనిమిది వందలే. వానాకాలం ఏడు వందల యాభై కూడా ఉండేది. పిల్లల్ని పెంచాలి, మా ఆయన మంచం పట్టాడు, అందరూ అలాగే తూచేవాళ్లు. మీరిద్దరూ అలా అరుస్తుంటే, అప్పటికి చిన్నపిల్ల, నైదా చెయ్యి పట్టుకుని ఆ గుమ్మం దాటేదాన్ని. 'అమ్మా, ఎనిమిది వందలంటే ఏంటి?' అని అడిగింది ఒకరోజు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రాత్రే కాటా మార్పించేశాను." దుంప ఒకటి చేతిలోకి తీసుకుని మట్టి దులిపింది. దులపడానికి దానిమీద మట్టి లేదు. "అప్పుడు కొట్టి తిన్నదానికి సరిపోవాలి కదా. అందుకే ఇప్పటికీ ఆ కొసరు."

ఆవిడ మొహం అంత ఎర్రబడగా ఎల్మెర్ ఎప్పుడూ చూడలేదు. ఆవిడ అతని వైపు చూడలేదు. ఇద్దరూ బంగాళాదుంపలను తదేకంగా చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి దొన్యా సాతుర్నినా తాళాలు తీసి అతని జేబులో పడేసింది.

"పో, పోయి ఆ కొత్త కాటా దగ్గర కూర్చో. మధ్యాహ్నం నుంచి ఎవరి సంచి వచ్చినా నువ్వే తూచి, మైకులో చదువు."

ఎల్మెర్ వైరు అతికించి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు కానీ ఒక్క సంచీ రాలేదు, ఎందుకంటే బరువు మైకులో చదువుతారన్న మాట చెవిన పడగానే సగం మార్కెట్ తలుపులేసుకుని కాటాలు బాగుచేయించుకోవడానికి పోయింది.